చివరి పూస

పెద్దాయన ఏది చెప్పినా, చెప్పడం అయిపోయిందనడానికి గుర్తుగా కళ్ళజోడు తీసి బల్లమీద పెడతాడు. తరువాత కుర్చీలో వెనక్కి వాలి, ఎడమవైపు కూర్చున్న ఆమె వంక తల తిప్పి "అంతేనా అమ్మా?" అంటాడు. ఆమె "అంతే సార్" అంటుంది. ఆ మాటతో సభ ముగుస్తుంది. అప్పటిదాకా ఏవో సందేహాలున్నవాళ్ళు కూడా వాటిని మింగేసి టీకి లేస్తారు. ప్రయోగశాలలో ఇది ఎంత పాత ఆనవాయితీ అంటే, చాటున అందరూ ఆమెను "అంతే మేడమ్" అని పిలుస్తారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పిలిస్తే పిలుచుకోనీ అని వదిలేసింది. ఆమె లెక్కలో ఆ గదిలో కోపగించుకోదగ్గ మనిషి ఒక్కడూ లేడు.

పెద్దాయనైతే ఆ లెక్కలోకి అసలే రాడు. ఆయన తెల్లకోటు మీద మరక పడి ఎన్నాళ్ళయిందో ఆ కోటుకే గుర్తుండదు. కణాల్ని కొలిచే యంత్రాన్ని ఎలా ఆన్ చెయ్యాలో ఆయనకు తెలియదు గానీ, ఫోటోలు తీసేవాళ్ళు వచ్చినప్పుడు దానిమీద చెయ్యి వేసి నిలబడటం మాత్రం బాగా తెలుసు. ఇక మిగిలినవాళ్ళు ఆయన తానా అంటే తందానా అనే బాపతు. వీళ్ళందరి మధ్యా పని తెలిసినదాన్ని తానొక్కతెనేనని ఆమె నమ్మకం. "అంతే సార్" అన్న ప్రతిసారీ ఆమె పెదవి ఒక మూల కాస్త వంకర తిరుగుతుంది. తన ఆత్మగౌరవమంతా ఆ వంకరలో భద్రంగా ఉందని ఆమె అనుకుంటుంది.

పెద్దాయన పేరుప్రతిష్ఠలన్నీ ఒక్క పూస మీద నిలబడి ఉన్నాయి. మనిషి రక్తంలోని తెల్లకణాల ఒంటినిండా సన్నటి చక్కెర గొలుసులుంటాయి. అది టీలో వేసుకునే చక్కెర కాదు, దాని దాయాదులు. ఒకదానికొకటి తగులుకుని, కొమ్మలు వేసుకుంటూ బయటికి చాచుకుని ఉంటాయి. ప్రతి గొలుసు కొసనా ఒక పూస ఉంటుంది. ఆ పూస ఉన్నంతసేపూ కణం బుద్ధిగా తన దారిన తాను పోతుంది. ఊడిందా, కనిపించినవాడితోనల్లా కయ్యానికి కాలు దువ్వుతుంది. కీళ్ళవాపు జబ్బున్నవాళ్ళ తెల్లకణాలకు ఆ చివరి పూస ఊడిపోయి ఉంటుందని పెద్దాయన కనిపెట్టాడు. అంటే, పని ఆమె చేసింది, చెప్పడం ఆయన చెప్పాడు. ఇప్పుడు ఊడిన పూసను తిరిగి అతికించే ఇంజెక్షనొకటి తయారైంది. దాన్ని రోగులకు ఇచ్చి చూడటానికి అనుమతి ఇవ్వాల్సిన కమిటీ పెద్దలు ఈ వారం చివర్లో వస్తున్నారు.

సరిగ్గా అప్పుడే కొత్తమ్మాయి కొంప ముంచింది. పరిశోధనకు చేరి ఏడాది తిరగని పిల్ల. ఈ పిల్ల పరీక్షించిన రోగులందరి కణాల మీదా పూసలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒకరిద్దరివైతే పెద్దాయన చిరాకుపడి ఊరుకునేవాడు. అందరివీ అలాగే ఉన్నాయి.

"మన అమ్మాయి చెయ్యి తగిలితే చాలు, రోగులకి రోగం నయమైపోతోందయ్యా," అన్నాడు పెద్దాయన ఆ రోజు సభలో. "ఇక ఆసుపత్రి ఎందుకు, మూసేద్దామా?"

అందరూ నవ్వారు. కొందరు టీ గ్లాసులోకి చూస్తూ నవ్వారు. అమ్మాయి చేతిలోని కలం మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది.

"నీ ట్యూబులైనా తారుమారై ఉండాలి, నువ్వైనా తారుమారు చేసి ఉండాలి. రెండిట్లో ఏది నిజమైనా నీలాంటి చేతులు నా దగ్గర పనికిరావు. కమిటీ వచ్చి వెళ్ళాక నీ సీటు సంగతి తేలుస్తాను. హాస్టల్ గది ఖాళీ చెయ్యడానికి సిద్ధంగా ఉండు," అని ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అంతేనా అమ్మా?"

"అంతే సార్."

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఆమెకు జాలి కలగలేదు, చులకన కలిగింది. ఏడుపు ఆపుకోవడం చేతకానిదానికి పరిశోధన ఎందుకు అనుకుంది. నవ్వినవాళ్ళని చూసి చీదరించుకుంది, నవ్వించిన పెద్దాయన్ని చూసి మరీ చీదరించుకుంది. అలా అందరినీ మనసులోనే చీపురుతో ఊడ్చేసి, తేలికపడి, తన గదికి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం అమ్మాయికి చివరి అవకాశం ఇచ్చారు. ఆమె పక్కనే ఉండి చూస్తుండగా అమ్మాయి ఆ పరీక్షను ఇంకోసారి చెయ్యాలి. అమ్మాయి ఆసుపత్రి నుంచి నడిచి వచ్చింది. రక్తం ట్యూబులు కోటు లోపలి జేబులో రుమాలు చుట్టి ఉన్నాయి.

"రక్తం తెచ్చే బండి ఏమైంది?" అంది ఆమె.

"సాయంత్రం బండి ఉండదు కద మేడమ్. నాకెప్పుడూ సాయంత్రం రోగులనే ఇస్తారు. మిగతావాళ్ళకి పొద్దున్నవాళ్ళు."

కొత్తగా వచ్చినవాళ్ళకు ఎంగిలి ముక్కలే దక్కుతాయి. ఎక్కడైనా అంతే. ఆమె ఆ మాటను పట్టించుకోకుండా స్టూలు లాక్కుని, అమ్మాయి చేతుల వంక కళ్ళప్పగించి కూర్చుంది. తప్పు దొరకాలని ఆమెకు ఆశగా ఉంది. అమ్మాయి ట్యూబును ఓరగా పట్టుకుని, చిక్కటి ద్రవం మీద రక్తం చెదరకుండా గాజు గోడ వెంబడే జార్చింది. యంత్రంలో పెట్టి తిప్పింది. ఎర్రది అడుక్కి దిగి, మధ్యలో తెల్లకణాలు మంచులాంటి పలుచని తెరగా మిగిలాయి. ఆ తెరను మాత్రమే పీల్చి తీసింది. దీపాలార్పి, చివరి పూసను మాత్రమే పట్టుకునే రంగును చుక్కలుగా కలిపింది. ఎక్కడా చెయ్యి వణకలేదు, ఎక్కడా తొందరపడలేదు.

కణాలు ఒక్కొక్కటే వరసగా కాంతి ముందునుంచి సాగిపోతుంటే తెరమీద ఆకుపచ్చ గీత పైకి లేచి మూపులా నిలిచింది. కుడివైపు నిలిచింది. కుడివైపుంటే పూసలు భద్రంగా ఉన్నట్టు.

"మీరు చూశారు కద మేడమ్," అంది అమ్మాయి. "సార్‌తో చెప్తారా?"

"తప్పు నాకు దొరకలేదు. అంటే నువ్వు తప్పు చెయ్యలేదని కాదు," అని ఆమె లేచింది. తన మాట తన చెవికే పెద్దాయన మాటలా వినిపించింది. విననట్టే బయటికి నడిచింది.

ఇంట్లో మేనత్త ఆమె కోసం వంటగది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. తల్లి పోయిన నాటినుంచి ఆమెను పెంచింది ఈ అత్తే. ముప్పయ్యేళ్ళు కుట్టుమిషను మీద వంగి పనిచేసిన వేళ్ళు ఇప్పుడు అల్లంకొమ్ముల్లా వంకర్లు పోయాయి. రోజూ వేసుకునే మాత్రల పుణ్యమా అని డబ్బా మూత తియ్యగలదు, గుండీ పెట్టుకోగలదు. అంతకుమించి ఆవిడ కోరేదీ లేదు. అనుమతి రాగానే కొత్త ఇంజెక్షను వేయించుకోబోయేవాళ్ళ జాబితాలో ఆవిడ పేరూ ఉంది.

"ఒక డాక్టరేమో నా రక్తంలో షుగరు ఎక్కువైందని తిడతాడు. మీ సారేమో చక్కెర ఊడిపోయిందంటాడు," అంది అత్త. "ఇద్దర్నీ ఒక గదిలో కూచోబెట్టి తేల్చుకోమనరాదుటే?"

"అది వేరు, ఇది వేరు అత్తా."

"ఏదో ఒకటి. రేపు రక్తం ఇచ్చి రావాలిట. రేపట్నుంచి పాత మాత్రలు మానెయ్యాలిట. పాతవి వేసుకుంటే కొత్తది పనిచేస్తోందో లేదో తెలీదటగా?"

"అవును."

"నువ్వు అవునంటే అవునే. నీ సారు సంగతి నాకు తెలీదు, నువ్వు సరిచూశావంటే చాలు." అత్త మాత్రల సీసాను అలమర పైఅరలోకి నెట్టేసింది.

పొద్దున్నే ఇద్దరూ బస్సులో ఆసుపత్రికి బయల్దేరారు. ఆ రోడ్డును ఎవరో గొట్టాల కోసం తవ్వారు, పూడ్చే పని ఇంకెవరిదోనని వదిలేశారు. ఆ పని ఎవరిదో తేలకుండానే ఏళ్ళు గడిచాయి. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా అత్త ముందుసీటు కమ్మీని మణికట్టుతో పట్టుకుంటూ, మొహం చిట్లిస్తూ కూర్చుంది.

"నిక్షేపంలాంటి మనిషిని కూడా ఈ రోడ్డు మీద తిప్పితే రోగిష్టిని చేసి దింపుతారే," అని గొణిగింది.

ఆమె నవ్వి ఊరుకుంది. రక్తం తీసే గదిలోకి ఆమె రావడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ రక్తమే ఆమె దగ్గరికి వచ్చేది. తను వెళ్ళాల్సిన అవసరం ఉందని ఎన్నడూ అనుకోలేదు. నర్సు తీసిన ట్యూబులను బండాయన అందుకున్నాడు. వాటిని ఐసుముక్కల పెట్టెలో గుచ్చి, మూతమీద ఒక చరుపు చరిచి, పెట్టెను మోటారుసైకిలు వెనక రబ్బరు తాడుతో బిగించాడు. బండి గేటు దాటి తొలి గుంతలో దిగగానే పెట్టె జానెడు ఎగిరి పడింది. లోపల ట్యూబులు గలగలలాడాయి.

ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. తెల్లకణాన్ని చలిలో ముంచి, కుదిపి, చిరాకు పెడితే అది తన పూసలను తనే కత్తిరించుకుంటుంది. ఈ సంగతి చదువుకున్నవాళ్ళకు కొత్తది కాదు, ఆమెకు అసలే కాదు. కొత్తమ్మాయి జేబులో తెచ్చింది తప్ప, రోగుల రక్తమంతా ఇన్నేళ్ళుగా ఈ బండి మీదే వచ్చింది. పోల్చి చూడటానికి తీసే ఆరోగ్యవంతుల రక్తం ప్రయోగశాల పక్కగదిలో, సాటి ఉద్యోగుల చేతులనుంచి తీసి, ఇంకా వెచ్చగా ఉండగానే ఆమె బల్లమీదికి వచ్చేది. పెద్దాయన కనిపెట్టింది కీళ్ళజబ్బును కాదు, మునిసిపాలిటీ గుంతలను.

ఆమె వెనక్కి వెళ్ళి నర్సును బతిమాలింది. అత్త చేతినుంచి ఇంకో రెండు ట్యూబులు తీయించింది.

"ఎంత తీస్తావే, మిగల్చవే నాక్కాస్త," అంది అత్త.

ఒక ట్యూబును తరువాతి బండికి ఇచ్చింది. రెండోదాన్ని రుమాల్లో చుట్టి గుప్పిట్లో పట్టుకుని, అత్తను బస్సెక్కించి, తను నడిచి వెళ్ళింది. దారిలో ఎవరో పలకరిస్తే కూడా ఆగలేదు. చెయ్యి ఊపలేదు.

మధ్యాహ్నం తెరమీద రెండు గీతలు లేచాయి. అవి ఒకే మనిషివి, ఒకే పొద్దున ఒకే సూదిలోంచి వచ్చినవి. నడిచి వచ్చిన రక్తం కుడివైపు నిలిచింది. బండెక్కి వచ్చిన రక్తం ఎడమవైపుకు జారిపోయింది, అచ్చం పెద్దాయన పరిశోధన పేపర్లో అచ్చయిన బొమ్మలాగే. ఆమె అమ్మాయిని పిలిచి చూపించింది. అమ్మాయి తెరకు దగ్గరగా వంగింది.

"నువ్వు చేసింది సరైనదే," అంది ఆమె. "ఆయన వట్టి డొల్ల అని నాకు మొదట్నుంచీ తెలుసు. ఆయనంటే నాకెంత చులకనో నీకు తెలీదు."

"తెలుసు మేడమ్," అంది అమ్మాయి, తెరమీదినుంచి చూపు తిప్పకుండా. "అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. లోపల మీరేమనుకుంటే ఆయనకేం నష్టం? పైకి అంతే సార్ అంటారుగా."

ఆమెకు చెంపమీద కొట్టినట్టయింది. కాగితం మీద అచ్చు తీసిన గీతలు పట్టుకుని నేరుగా పెద్దాయన గదికి వెళ్ళింది.

ఆయన తీరిగ్గా చూశాడు. ఆయనకు అర్థం కాదేమో, విడమరచి చెప్పాలేమో అనుకుంది. ఆయనకు వెంటనే అర్థమైంది. అదే ఆమెను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది.

"తలుపు వేసి రా," అన్నాడు. వేసి వచ్చాక, "ఒక్కసారి చేసినదాన్ని శాస్త్రం అనరమ్మా, కబురంటారు," అన్నాడు.

"మళ్ళీ చేస్తాను సార్. కానీ పేషెంట్ల చేత మాత్రలు మాన్పించేశాం. వాళ్ళకి—"

"చేద్దువుగాని. కమిటీ వెళ్ళనీ." ఆయన గొంతులో కోపం లేదు, వెన్నపూసలా ఉంది. "ఆ పేపర్లో నా పేరు తర్వాత ఎవరి పేరుందమ్మా? పడవ మునిగితే ఒక్కడే మునగడు. నువ్వు అలిసిపోయావు. రేపు పొద్దున కాస్త ఆలస్యంగా రా, పరవాలేదు."

ఆమె కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. పెదవి మూల వంకర తిరిగింది. తలుపు తీసుకుని వచ్చేసింది.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే వంటగదిలో గ్లాసు పగిలిన చప్పుడైంది. వెళ్ళేసరికి అత్త నేలమీద ఒలికిన టీ వంక చూస్తూ నిలబడి ఉంది. వేళ్ళు ఎర్రగా ఉబ్బి, ముడుచుకుని ఉన్నాయి. జాకెట్టు గుండీలు రెండు పెట్టుకోలేక వదిలేసింది.

"అత్తా, మాత్ర వేసుకో."

"అదేంటే, వద్దన్నారుగా? రెండ్రోజులకే ఓర్చుకోలేకపోతే కొత్తమందు ఎట్లా ఇస్తారు?"

"నే చెప్తున్నా, వేసుకో."

"మానెయ్యమని చెప్పిందీ నువ్వేగా?" అత్త నవ్వబోయి, వేళ్ళు ఒళ్ళో దాచుకుంది. "నిన్న అక్కడ బెంచీ మీద నాలాంటివాళ్ళు ఎంతమంది కూచున్నారో చూశావుగా. అందరం మానేశాం. వాళ్ళకి లేని గారాబం నాకెందుకు? వెళ్ళు, మీ సారు ఎదురుచూస్తూ ఉంటాడు."

ఆమె వంగి అత్త గుండీలు రెండూ పెట్టింది. గాజుపెంకులు ఏరింది. చేతులు కడుక్కుని బయల్దేరింది.

ప్రయోగశాలలో కొళాయి దగ్గర అమ్మాయి ఎదురైంది. ఇస్త్రీ కోటు వేసుకుని ఉంది.

"నిన్న సాయంత్రం సార్ పిలిచారు మేడమ్. నా సీటు ఉంచుతానన్నారు," అంది, సబ్బు నురగ చాలాసేపు రుద్దుతూ. "పాతవన్నీ పక్కన పెట్టి మళ్ళీ చెయ్యమన్నారు. ఈసారి శాంపిల్స్ బండి మీదే తెప్పించుకోమన్నారు."

"బండి మీదే అన్నాడా?"

"ఆ." అమ్మాయి కొళాయి కట్టేసింది. "నాకూ ఇల్లుంది మేడమ్. మీరు ఇన్నేళ్ళు చేసిందే నేను ఒక్కరోజు చేస్తున్నాను."

సభగదిలో ఆమె కుర్చీలో అమ్మాయి కూర్చుంది. ఆమెకు బల్లకు అటువైపు, గోడవార కుర్చీ వేశారు. కమిటీ పెద్దలు వరసగా కూర్చుని, సీసా నీళ్ళు తాగుతూ, తెరమీద ఎడమకు జారిన గీతలు చూసి తలలూపారు. పెద్దాయన గొలుసుల గురించి చెప్పాడు, పూసల గురించి చెప్పాడు, నొప్పితో బాధపడే తల్లుల గురించి చెబుతూ గొంతు కాస్త గద్గదం చేసుకున్నాడు. ఆ గద్గదం ఏ వాక్యం దగ్గర వస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. చివరికి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆమె వెన్ను నిటారు చేసింది. ఈ ఒక్కసారి "కాదు" అనాలని దారిపొడుగునా అనుకుంటూ వచ్చింది. ఆయన అడగడమే ఆలస్యం.

ఆయన ఎడమవైపుకు తల తిప్పాడు. "అంతేనా అమ్మా?" అని అమ్మాయిని అడిగాడు.

"అంతే సార్," అంది అమ్మాయి.

అన్నప్పుడు అమ్మాయి పెదవి ఒక మూల వంకర తిరిగింది. ఆ వంకర ఆమెకు బాగా తెలుసు. అందులో ఎంత అసహ్యముందో, ఎంత పొగరుందో, లోపల ఎన్ని తిట్లున్నాయో అన్నీ తెలుసు. కానీ బల్లకు ఇటువైపునుంచి దాన్ని చూడటం ఇదే మొదటిసారి. ఇటునుంచి చూస్తే అది చిరునవ్వులా ఉంది. ఒప్పుకున్న మనిషి వినయంగా నవ్వే నవ్వులా ఉంది. ఇన్నేళ్ళూ ఆ గదిలోకి వచ్చిపోయినవాళ్ళందరూ తన మొహంలో చూసింది దీన్నేనా అనుకునేసరికి ఆమెకు ఒళ్ళంతా సిగ్గుతో మండింది.

పెద్దలు కుర్చీలు జరిపి లేస్తున్నారు. ఒకాయన కలం తీసి సంతకం పెట్టాల్సిన కాగితం కోసం వెతుకుతున్నాడు. టీ కప్పుల చప్పుడు మొదలైంది.

"కాదు సార్," అంది ఆమె.

ఎవరూ ఆమెను అడగలేదు గనక ఎవరికీ వినపడలేదు. గొంతు సవరించుకుని, లేచి నిలబడి, మళ్ళీ అంది.

"కాదు. మేం కొలిచింది రోగుల రక్తాన్ని కాదండీ. దాన్ని తెచ్చిన బండిని కొలిచాం."

కలం పట్టుకున్నాయన ఆగాడు. లేచినవాళ్ళు లేచినట్టే నిలబడిపోయారు. అమ్మాయి తల దించుకుని కలం మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. ఆమె కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితాన్ని తీసి బల్లమీద పరిచింది. తన పేరు కూడా అందులో మునుగుతుందని తెలిసే పరిచింది.

"కూర్చోండి, చెప్తాను," అంది. "రోడ్డు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి."

కలం పట్టుకున్నాయన ముందుగా కూర్చున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ కూర్చున్నారు. పెద్దాయన బల్లమీద పెట్టిన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.